తడి ఒకచోట, తప్పు ఒకచోట

ఇల్లు – నీళ్ళు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

కప్పు మీద మరక, గోడకు ఉప్పు, ఆగని చుక్క. ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా వీటి గురించే. ఒకేలాంటి ప్రశ్నలు కలిపి ఏడింటికి ఇక్కడ జవాబిస్తున్నాం.

ప్రశ్న: మాది కూకట్‌పల్లిలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. మా బాత్రూమ్ కప్పు మీద ఎనిమిది నెలలుగా తడి మరక ఉంది. ఇప్పుడు ఒక మూల చుక్కలు పడుతున్నాయి. పై ఫ్లాటు వాళ్ళు "మా నల్లాలన్నీ బాగానే ఉన్నాయి" అంటున్నారు. ప్లంబర్ వచ్చి పైన టైల్స్ మొత్తం పగలగొట్టాలన్నాడు. వాళ్ళు ససేమిరా అంటున్నారు. ఎలా తేల్చాలి? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: పగలగొట్టే మాట తర్వాత. ముందు గడియారం చూడండి. చుక్క పడే చోట ఒక మగ్గు పెట్టి, పొద్దున 6కి, 10కి, మధ్యాహ్నం 2కి, రాత్రి 10కి ఎన్ని నీళ్ళు పడ్డాయో మూడు రోజులు రాసుకోండి. రాత్రీ పగలూ ఒకే తీరుగా పడుతుంటే అది ఎప్పుడూ నీళ్ళు నిండి ఉండే పైపు, అంటే గోడలోని సప్లై లైను. స్నానాల వేళ పెరిగి మధ్యాహ్నానికి తగ్గుతుంటే అనుమానం డ్రైనేజీ మీద, నేల మీద. వాన పడ్డప్పుడే వస్తుంటే బాత్రూమ్‌ని వదిలేసి షాఫ్ట్ (పైపులు దిగే ఖాళీ సందు) వైపు బయటి గోడ చూడాలి.

ఇందులో ఒక మెలిక ఉంది. మన అపార్ట్‌మెంట్లలో బాత్రూమ్ స్లాబ్‌ని అడుగు లోతు దాకా కిందికి దింపి పోస్తారు. సంకెన్ స్లాబ్ అంటారు దీన్ని. పైపులు అందులో వేసి, ఇటుక ముక్కలతో నింపి, పైన టైల్స్ పరుస్తారు. ఆ నింపుడంతా స్పంజిలా నీళ్ళు తాగి ఊరుకుంటుంది. పైన వాడకం ఆపినా కింద నాలుగైదు రోజులు కారుతూనే ఉంటుంది. "నిన్నంతా వాడలేదు, అయినా కారింది కదా, కాబట్టి మాది కాదు" అని పై వాళ్ళు అనేది ఇందుకే. అబద్ధం చెబుతున్నారని కాదు. వాళ్ళకు రెండో బాత్రూమ్ ఉంటే వారం రోజులు దీన్ని వాడకుండా ఉండమని అడగండి. ఆ వారంలో మగ్గు లెక్క తగ్గుతూ పోతే చాలావరకు తేలిపోయినట్టే.

తర్వాత పరీక్షలు, ఈ వరుసలోనే. మొదటిది సప్లై లైను. షవర్, కుళాయి పాయింట్లకు ప్లగ్గులు బిగించి, గీజర్‌ని లైను నుంచి విడదీసి, చేతి పంపుతో చదరపు సెంటీమీటరుకు 5 కిలోల ప్రెషర్ ఎక్కించి గేజీ ముల్లు అరగంట చూడాలి. నీటి ఎత్తు 10 మీటర్లుంటే పడే ప్రెషర్ దాదాపు 1 కిలో. మీ భవనంలో నాలుగో అంతస్తుకు ట్యాంకు నుంచి వచ్చేది అంత కూడా ఉండదు. కాబట్టి 5 కిలోలు చాలు. పాత లైను మీద 10 కిలోలు ఎక్కిస్తే లేని లీకు కొత్తగా పుడుతుంది. ముల్లు కదలకపోతే గోడలో పైపు బాగున్నట్టే.

రెండోది డ్రైనేజీ. ఒకరోజు కమోడ్‌లోనూ వాష్‌బేసిన్‌లోనూ మాత్రమే మిఠాయి రంగు కలిపిన నీళ్ళు నాలుగేసి బకెట్లు పోసి, నేల తడవకుండా చూసుకోవాలి. కింద రంగు నీళ్ళు కనిపిస్తే దోషి దొరికినట్టే. కనిపించకపోతే మాత్రం నిర్దోషి అనుకోవద్దు, ఇటుక పొడి రంగును పీల్చేస్తుంది. మగ్గులో నీళ్ళు పెరిగాయా లేదా అన్నదే గట్టి సాక్ష్యం.

మూడోది నేల. ప్లాస్టిక్ కవర్లో తడి ఇసుక నింపి నహానీ ట్రాప్ (నేల మీది నీళ్ళు పోయే జాలీ కింది గిన్నె) నోట్లో గట్టిగా కూరి, నేల మీద 2 సెంటీమీటర్ల మేర నీళ్ళు నిలబెట్టి, గోడ మీద పెన్సిల్ గీత పెట్టి 24 గంటలు వదిలేయండి. గీత నుంచి నీరు స్పష్టంగా దిగినా, కింద చుక్కలు పెరిగినా తప్పు టైల్స్ సందుల్లోనో, ట్రాప్ చుట్టూనో ఉంది.

ఎక్కువ ఇళ్ళలో తేలేది ఈ మూడోదే. కారణం యాసిడ్. టైల్స్ సందుల్లో పెట్టే గ్రౌట్ తెల్ల సిమెంటే. వారం వారం బాత్రూమ్ యాసిడ్‌తో కడిగితే టైలు మెరుస్తుంది, సందులో సిమెంటు కరిగి కొట్టుకుపోతుంది. సందులో గుండుసూది గుచ్చి చూడండి. లోపలికి దిగిపోతే ఇక అక్కడ గ్రౌట్ లేదన్నమాట. నహానీ ట్రాప్ దగ్గర సంగతి వేరు. ప్లాస్టిక్ ట్రాపూ చుట్టూ ఉన్న సిమెంటూ ఒకదానికొకటి అతుక్కోవు. ఆ రెండింటి మధ్య వెంట్రుక మందం సందు చాలు, స్నానం చేసిన నీళ్ళన్నీ నేరుగా నింపుడులోకి దిగడానికి.

వీటికి మొత్తం పగలగొట్టే పని లేదు. సందులన్నీ బ్లేడుతో కనీసం 3–4 మి.మీ. లోతు గీకి, దుమ్ము ఊడ్చి, రెండు మూడు రోజులు ఫ్యాన్ పెట్టి ఆరనిచ్చి ఎపాక్సీ గ్రౌట్ పెట్టాలి. దాని రెండు భాగాలను ప్యాకెట్‌లో ఇచ్చిన పాళ్ళలోనే కలపాలి. కొంచెం కొంచెం కలుపుకోండి, ముప్పావుగంటలో గట్టిపడిపోతుంది. టైలు మీద అంటినదాన్ని అప్పుడే తుడవాలి, మర్నాడు రాదు. ట్రాప్ చుట్టూ ఉన్న ఒక్క టైలు తీసి, 5 సెం.మీ. వెడల్పున చెక్కి, పాలిమర్ కలిపిన సిమెంటు మాలుతో నింపి, ట్రాప్ అంచున సీలెంట్ పట్టించాలి. నింపుడులో నిల్వ ఉన్న నీళ్ళు బయటికి పోవడానికి షాఫ్ట్ వైపు గోడలో, సంకెన్ స్లాబ్ అడుగు మట్టంలో చిన్న గొట్టం పెట్టిస్తే మంచిది. అది బీమును తొలిచే పని కాకుండా ఇంజినీరుకు చూపించే చేయించండి.

చేయకూడనిది ఒకటుంది. మీ వైపు నుంచి కప్పుకు వాటర్‌ప్రూఫ్ పెయింట్ కొట్టించడం. నీళ్ళు బయటికి రాకుండా స్లాబ్‌లోనే ఆగుతాయి, ఊచలు తుప్పు పడతాయి. తుప్పు ఇనుము కంటే రెట్టింపుకు మించి చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు పెచ్చులుగా రాలుతుంది.

ఇక ఖర్చు ఎవరిదన్న మాట. ఫ్లాటు అప్పగించి ఐదేళ్ళు దాటకపోతే బిల్డర్‌దే. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 14వ సెక్షన్ ప్రకారం, దాని పరిధిలోకి వచ్చే ప్రాజెక్టుల్లో, అప్పగించిన ఐదేళ్ళలోపు పనితనంలో లోపం దృష్టికి తెస్తే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. ఫొటోలు, మగ్గు లెక్కలు జతచేసి రాతపూర్వకంగా ఇవ్వండి. ఫోన్‌లో చెప్పింది తర్వాత రుజువు చేయడం కష్టం. ఐదేళ్ళు దాటితే బాత్రూమ్ లోపలిది పై ఫ్లాటు వాళ్ళ బాధ్యత, షాఫ్ట్‌లోని ఉమ్మడి పైపులైతే అసోసియేషన్‌ది అని మాట్లాడుకోవడం న్యాయం.

ప్రశ్న: మా 25 లీటర్ల గీజర్ వేడెక్కేటప్పుడల్లా పక్కనున్న చిన్న వాల్వు నుంచి చుక్కలు పడుతున్నాయి. ప్లంబర్ దానికి డమ్మీ (మూత) కొట్టేస్తానంటున్నాడు. – హనుమకొండ నుంచి

జవాబు: కొట్టనివ్వకండి. అది లీకు కాదు, గీజర్ ప్రాణాన్ని కాపాడే వాల్వు. నీళ్ళు 25 డిగ్రీల నుంచి 70 డిగ్రీలకు వేడెక్కితే నూటికి రెండు వంతులు ఉబ్బుతాయి. మీ గీజర్‌లో అది అర లీటరు. వెనక్కి పోనివ్వని వాల్వు లైనులో ఉంటే ఆ అర లీటరుకు వేరే దారి లేదు, ఇలాగే బయటికి రావాలి. దాన్ని మూసేశాక థర్మోస్టాట్ (వేడిని అదుపు చేసే స్విచ్చు) కూడా పాడైతే ట్యాంకు పేలొచ్చు. చుక్కలు బట్టలకో స్విచ్చుకో తగులుతుంటే వాల్వు కొసకు సన్న గొట్టం తొడిగి నేల ట్రాప్ దాకా దించండి. దాని కొస తెరిచే ఉండాలి.

చల్లగా ఉన్నప్పుడు కూడా కారుతుంటే మాత్రం వాల్వులో ఉప్పు పేరుకుంది, లేదా ప్రెషర్ ఎక్కువైంది, వాల్వు మార్పించండి. నీరు గీజర్ ఒంటి కింది నుంచి, తుప్పు రంగులో వస్తుంటే లోపలి ట్యాంకు చిల్లుపడింది. అతుకులు వేయొద్దు, గీజర్ మార్చాల్సిందే. బోరు నీళ్ళ ఇళ్ళలో ట్యాంకును తుప్పు నుంచి కాపాడే లోపలి మెగ్నీషియం కడ్డీని ఏటా విప్పి చూపించుకుంటే ఆ రోజు చాలా ఆలస్యంగా వస్తుంది.

ప్రశ్న: మునుపు రోజుకోసారి వేసే మోటారు ఇప్పుడు రెండుసార్లు వేయాల్సి వస్తోంది. ఇల్లంతా వెతికాం, ఎక్కడా తడి లేదు. మీటరు చూసి కనిపెట్టొచ్చంటారు, అది ఎలా? – గుంటూరు నుంచి

జవాబు: మీటరు మీ ఇంట్లో పెద్దగా అక్కరకు రాదు. మున్సిపల్ నీరు మీటరు దాటి సంపులోకి పడుతుంది, సంపు నుంచి మోటారు పైకెక్కిస్తుంది. మీటరుకు తెలిసేది సంపు దాకానే, అదీ నీళ్ళు వదిలిన గంటసేపే. మన ఇళ్ళకు కర్ర కొలతే సరైనది.

రాత్రి అందరూ పడుకున్నాక, 10 గంటలకు, పైట్యాంకులో శుభ్రమైన కర్ర నిలువుగా ముంచి తడి గీత దగ్గర గుర్తు పెట్టండి. తెల్లవారి 5కి, ఎవరూ నీళ్ళు ముట్టకముందే మళ్ళీ ముంచండి. ట్యాంకు చుట్టుకొలతను 3.14తో భాగిస్తే అడ్డుకొలత వస్తుంది. అడ్డంగా 110 సెం.మీ. ఉండే గుండ్రటి ట్యాంకులో ఒక సెంటీమీటరు దిగితే తొమ్మిదిన్నర లీటర్లు పోయినట్టు. ఏడు గంటల్లో 4 సెం.మీ. దిగిందనుకోండి, 38 లీటర్లు. రోజుకు 130, నెలకు 3,900 లీటర్లు. నేల మీద ఒక్క చుక్క కనబడకుండానే!

అలా కనబడకుండా పోయే దారుల్లో మొదటిది ఫ్లష్ ట్యాంకు. మూత తీసి బట్టల నీలం నాలుగు చుక్కలు వేసి అరగంట ఎవరూ ఫ్లష్ చేయకుండా చూడండి. కమోడ్ గిన్నెలో నీలం కనిపిస్తే అడుగున రబ్బరు వాషర్ పోయింది. దాన్ని విప్పి నిమ్మఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్ళలో గంటసేపు నానబెట్టి, పట్టిన గార రుద్దేయండి. రబ్బరు గట్టిపడి, గోరుతో నొక్కితే గుంట పడకపోతే కొత్తది వేయాలి. కొన్నిసార్లు వాషర్ బాగానే ఉంటుంది, ఫ్లోట్ (నీటి మీద తేలే బుడ్డి) ఎత్తులో ఉండి నీరు ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి పోతుంటుంది. ఆ గొట్టం అంచుకు 2 సెం.మీ. కిందనే నీరు ఆగేలా ఫ్లోట్ దించండి.

రెండోది తాగునీటి ఆర్వో. ట్యాంకు నిండి ఉన్నా వృథా నీటి గొట్టం రాత్రంతా పారుతుంటే దాని సోలినాయిడ్ వాల్వు (కరెంటుతో నీటిని ఆపేది) పనిచేయడం లేదు. సింకు లోపలికి పోయే గొట్టం కాబట్టి ఎవరూ గమనించరు.

ఈ రెండూ కాకపోతే ట్యాంకు కింద ఉన్న వాల్వులు, వంటిల్లుది, బాత్రూములది, ఒక్కో రాత్రి ఒక్కోటి కట్టి కొలవండి. ఏది కట్టిన రాత్రి దిగడం ఆగిందో ఆ లైనులోనే లీకు. అన్నీ కట్టినా దిగుతుంటే ట్యాంకు నిపిల్ (గొట్టం ట్యాంకుకు కలిసే ముక్క) వాషర్ చూడండి. అదీ బాగుంటే మోటారు నుంచి పైకొచ్చే గొట్టాన్ని చూడాలి. దాని కొస ట్యాంకులో నీటి మట్టం కింద మునిగి ఉండి, చెక్ వాల్వు (నీటిని వెనక్కి పోనివ్వనిది) పాడైతే ఎక్కించిన నీళ్ళన్నీ అదే గొట్టంలో తిరిగి సంపులోకి దిగుతాయి. అప్పుడు పోయేది నీరు కాదు, కరెంటు.

చివరగా సంపు. దీన్నీ ఒక రాత్రి కర్రతో కొలవండి. 2 మీటర్లు పొడవు, ఒకటిన్నర మీటరు వెడల్పు ఉన్న సంపులో సెంటీమీటరుకు 30 లీటర్లు. నీరు కొంత దూరం దిగి అక్కడే ఆగిపోతుంటే ఆ ఎత్తులోనే గోడ పగులుందని అర్థం. దిగడం కాక, నీళ్ళు వదలని రోజున మట్టం పెరిగిందంటే మాత్రం ఆ నీళ్ళు నోట పెట్టకండి. బయటి నీరు, బహుశా మురికి కాల్వది, పగుల్లోంచి లోపలికి వస్తోంది. వెంటనే ఖాళీ చేయించి చూపించండి.

ప్రశ్న: డాబా కట్టి 18 ఏళ్ళయింది. వాన వెలిసిన మర్నాడు హాల్లో గోడా కప్పూ కలిసే చోట పొడవునా తడి వస్తుంది. రెండేళ్ళ కింద స్లాబ్ పైన తెల్ల వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేయించాం. ఒక్క వానాకాలం ఆగింది. – రాజమహేంద్రవరం నుంచి

జవాబు: తడి గోడ వెంబడి బారుగా వస్తోందంటే స్లాబ్ మధ్యలో కాదు, పిట్టగోడ మొదట్లో చూడాలి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా. పది మీటర్ల స్లాబ్ 30 డిగ్రీల తేడాకు దాదాపు 3 మి.మీ. సాగుతుంది. ఎండకు సాగి పిట్టగోడను తోస్తుంది, రాత్రికి ముడుచుకుంటుంది. ఏటా కొన్ని వందలసార్లు జరిగే ఈ లాగుడుకు, పిట్టగోడ కింద సిమెంటు పూత విడిపోతుంది. పెయింట్ పొర మిల్లీమీటరు కూడా ఉండదు. పగులు దాని కింద తెరుచుకున్నప్పుడు అదీ చిరుగుతుంది. మీ పెయింట్ మంచిదే కావచ్చు, దానికి అప్పగించిన పని దానిది కాదు.

ముందు డాబా ఎక్కి ఒక బకెట్ నీళ్ళు పోసి ఎటు పోతాయో చూడండి. స్లాబ్ పైన వాలు మీటరుకు ఒక సెంటీమీటరు ఉండాలి. ఆరు మీటర్ల దూరానికి ఆరు సెంటీమీటర్లు. ఎక్కడైనా పళ్ళెంలా నీరు నిలిస్తే ఎన్ని పూతలు పూసినా అక్కడే మళ్ళీ మొదలవుతుంది, ముందు వాలు సరిచేయాలి. వాన గొట్టం నోటి దగ్గర ఆకులు, గొట్టం చుట్టూ ఊడిన సిమెంటు, పూలకుండీల కింద నల్లటి చెమ్మ, ఇవీ చూసుకోండి.

పని ఇలా చేయించండి. పిట్టగోడ మొదట్లో ఊగిసలాడే సిమెంటు పూతను గోడ వైపు 30 సెం.మీ., నేల వైపు 30 సెం.మీ. మేర పూర్తిగా కొట్టేయించాలి. సుత్తితో తడితే బోలు మోత వచ్చేదంతా పోవాలి. పగులును ఒక సెం.మీ. వెడల్పు, ఒక సెం.మీ. లోతుతో తెరిచి, బ్రష్‌తో ఊడ్చి, పాలిమర్ మాలుతో నింపాలి. 1 కిలో పాలిమర్ ద్రవం, 5 కిలోల సిమెంటు, 15 కిలోల శుభ్రమైన ఇసుక – మామూలుగా వాడే పాళ్ళు ఇవి. మీరు కొన్న డబ్బా మీద వేరేగా ఉంటే అదే పాటించండి. మూల లంబంగా ఉండకూడదు, కొబ్బరిచిప్ప వంపులా గుండ్రంగా మెత్తాలి. లంబ కోణంలో పూత పలచబడి అక్కడే చిరుగుతుంది. ఆపైన సాగే గుణమున్న రెండు భాగాల వాటర్‌ప్రూఫ్ పూత. మొదటి కోటు తడిగా ఉండగానే ఫైబర్ జాలీ పరిచి, ఆరాక మొదటిదానికి అడ్డంగా రెండో కోటు. గోడ మీదికి కనీసం 15 సెం.మీ. ఎక్కాలి.

పగుళ్ళు ఎండలో బాగా కనిపిస్తాయని మిట్టమధ్యాహ్నం ఈ పని చేయిస్తుంటారు. కాలే స్లాబ్ పూతలోని తేమను లాగేసుకుంటుంది, పొడిలా రాలుతుంది. పొద్దున్నే 10లోపు, లేదా సాయంత్రం పూయించండి. అంతా మే నెలాఖరుకు ముగిసి, మృగశిర వానలకు ముందు ఒకసారి వాన గొట్టం నోరు కట్టి, 24 గంటలు నీళ్ళు నిలబెట్టి చూసుకోవాలి. నీళ్ళు 3 సెం.మీ. మించొద్దు. చదరపు మీటరుకు ఒక్కో సెంటీమీటరు 10 కిలోల బరువు, పాత స్లాబ్ మీద అనవసరపు భారం. హాల్లో ఊచలు బయటపడి ఉంటే ఈ పరీక్ష చేయకండి, ముందు ఇంజినీరును పిలవండి.

ఈలోగా తడి తగిలే గోడ మీద స్విచ్ బోర్డు ఉంటే ఆ లైను ఎంసీబీ (కరెంటు బోర్డులోని స్విచ్చు) కట్టేయండి. ఇంటికి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్చు) లేకపోతే పెయింట్ కంటే ముందు అది పెట్టించండి.

ప్రశ్న: కొత్త నల్లా బిగించిన చోట గోడలోంచి సన్నగా నీరు వస్తోంది. ఎంత బిగించినా ఆగదు. ఎం-సీల్ పెట్టాం, రెండు రోజులకే ఊడింది. – కరీంనగర్ నుంచి

జవాబు: బిగించడమే తప్పు అయి ఉంటుంది. ఇత్తడి నల్లా మరను ప్లాస్టిక్ ఎల్బో (పైపు వంపు ముక్క)లోకి ఎక్కిస్తే అది మేకులా పనిచేసి ఎల్బోను చీలుస్తుంది. ఒక్కో చుట్టు బిగించేకొద్దీ చీలిక పెరుగుతుంది. గోడలో ఆ చోట ఇత్తడి మర పొదిగిన ఎల్బోనే ఉండాలి. గోడ కొంచెం తెరిచి మార్పించండి. నీరు తోసుకొచ్చే చోట పైపైన మెత్తిన ఎం-సీల్ నిలవదు.

అతికించే ద్రావణం విషయంలో దుకాణంలో ఏదిస్తే అది తీసుకోకండి. వేడినీళ్ళ సీపీవీసీ పైపుకు దాని ద్రావణమే వాడాలి, చన్నీళ్ళ యూపీవీసీ పైపుది వాడితే గీజర్ వేసిన కొన్నాళ్ళకు జాయింట్ విడుతుంది. పైపు కొస తిన్నగా కోసి, పొడి గుడ్డతో తుడిచి, రెండు వైపులా పూసి, పావు చుట్టు తిప్పుతూ లోపలికి తోసి అరనిమిషం పట్టుకోవాలి. 24 గంటలు నీళ్ళు వదలకండి.

టెఫ్లాన్ టేపు చుట్టేటప్పుడు నల్లా మర కొస మీ వైపు పెట్టుకుని గడియారం ముల్లు తిరిగే దిక్కున చుట్టండి. ఎదురు చుడితే బిగిస్తుంటే టేపు విప్పుకుంటుంది. పలచటి టేపు అయితే ఎనిమిది, పది చుట్లు, మొదటి మర వదిలేసి. చేత్తో ఆగేదాకా తిప్పి, రెంచితో ఇంకొక చుట్టు. నల్లా మూతి పక్కకు తిరిగిందని వెనక్కి తిప్పారో, టేపు తెగినట్టే. విప్పి మళ్ళీ చుట్టాలి.

ప్రశ్న: పాత ఇల్లు. కింది గదుల్లో గోడలకు మోకాలి ఎత్తు దాకా చెమ్మ, తెల్లగా ఉప్పు పొంగి సున్నం రాలుతోంది. పైపులేవీ ఆ గోడలో లేవు. టైల్స్ అంటిస్తే పోతుందా? – తెనాలి నుంచి

జవాబు: పోదు, పైకెక్కుతుంది. ఇటుక దీపపు వత్తిలా నేలలోని నీటిని పీల్చుకుంటుంది. మోకాలి ఎత్తున ఆరిపోతున్న ఆ నీటికి మీరు టైల్స్ అడ్డం పెడితే నడుమెత్తుకు ఎక్కి అక్కడ ఆరుతుంది.

ముందు ఇంటి బయట చూడండి. మన ఊళ్ళలో రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే కొత్తది వేస్తారు. పదేళ్ళలో రోడ్డు అరుగు ఎత్తుకొస్తుంది, పెరటి మట్టి కూడా అలాగే పెరుగుతుంది. గోడలో చెమ్మ ఎక్కకుండా పునాది మట్టంలో వేసిన పొర మట్టి కింద కూరుకుపోతుంది. బయటి నేల ఇంటి లోపలి గచ్చు కంటే కనీసం 15 సెం.మీ. కింద ఉండాలి. రోడ్డును తవ్వలేం. గోడ పక్కన అడుగు వెడల్పున మట్టి తీసి, కంకర నింపి, నీరు దూరంగా పోయేలా వాలు ఇవ్వొచ్చు. గోడ మొదట్లో పడే సింకు గొట్టాలు, తులసికోట నీళ్ళు పక్కకు మళ్ళించండి. ఒక్కోసారి ఇంతటితోనే సగం తగ్గుతుంది.

ఇది చేశాక లోపల చెమ్మ గీతకు 30 సెం.మీ. పై దాకా పూత కొట్టేసి, ఇటుక బయటపడేలా ఉంచి, ఒక వేసవి ఆరనివ్వండి. పొంగిన ఉప్పును పొడి బ్రష్‌తో రాల్చి ఎత్తిపోయాలి. నీళ్ళతో కడిగితే కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది. అయినా తగ్గకపోతే గచ్చుకు కాస్త పైన ఇటుకల మధ్య సిమెంటు వరసలో 12 మి.మీ. రంధ్రాలు 12 సెం.మీ. ఎడంగా వేసి, నీటిని అంటనివ్వని సైలేన్ రసాయనం ఎక్కించే పద్ధతి ఉంది. అనుభవమున్న వాళ్ళ చేతే చేయించాలి. బయటి మట్టి తీయకుండా ఇది చేయిస్తే డబ్బు దండగ.

ప్రశ్న: అమెరికాలో పిల్లల దగ్గరికి ఆర్నెల్లు వెళ్తున్నాం. ఇల్లు తాళం వేసి ఉంటుంది. పోయినసారి తిరిగొచ్చేసరికి వాషింగ్ మెషీన్ గొట్టం ఊడి గది నిండా నీళ్ళు, మంచం కింద చెక్కంతా ఉబ్బి చెదలు పట్టింది. – నెల్లూరు దంపతులు

జవాబు: పైట్యాంకు కింది వాల్వులన్నీ కట్టేసి, ఇంట్లో అన్నిటికంటే కింద ఉన్న కుళాయి తెరిచి గొట్టాల్లో నీళ్ళు కార్చేయండి. గొట్టంలో ప్రెషర్ లేకపోతే ఏది ఊడినా గది మునగదు. వాల్వు ఏళ్ళ తరబడి తిప్పకపోతే బిగుసుకుపోతుంది, బలవంతం చేస్తే విరుగుతుంది. ప్రయాణానికి నెల ముందే తిప్పి చూసుకోండి. వాషింగ్ మెషీన్ కుళాయి, ఆర్వో కుళాయి, గీజర్ స్విచ్ కట్టేయండి. మోటారు ఆటోమేటిక్ అయితే స్టార్టర్ దగ్గర ఆపేయండి, లేకపోతే మీరు లేని ఇంట్లో అది ట్యాంకు నింపుతూనే ఉంటుంది. మున్సిపల్ నీరు సంపులోకి వచ్చే వాల్వు కూడా కట్టండి, బాల్ కాక్‌ని (సంపు నిండగానే నీటిని ఆపే తేలే బంతి వాల్వుని) నమ్మి వదలకండి.

ఆర్నెల్లలో నహానీ ట్రాపుల్లో నీరు ఎండిపోయి కంపు, బొద్దింకలు ఇంట్లోకొస్తాయి. వెళ్ళే రోజు ప్రతి ట్రాపులో మగ్గు నీళ్ళు పోసి పైన రెండు చెంచాల వంటనూనె వేయండి. నూనె పొర ఆవిరిని బాగా తగ్గిస్తుంది. నెల్లూరుకు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, ఆ నెలల్లో మీరు లేకపోతే మొదటి పెద్ద వాన తర్వాత ఎవరైనా డాబా ఎక్కి వాన గొట్టం నోటి దగ్గర ఆకులు తీసేలా చెప్పి వెళ్ళండి.

తిరిగొచ్చాక వాల్వు ఒక్కసారిగా తెరవకండి. ముందు కుళాయిలన్నీ కొద్దిగా తెరిచి ఉంచి వాల్వు పావు వంతు తిప్పండి. గొట్టాల్లోని గాలి బుసకొడుతూ పోయి నీరు నిలకడగా వచ్చాక పూర్తిగా తెరిచి, కుళాయిలు కట్టి, సింకు కింద, గీజర్ కింద, మెషీన్ వెనక పొడి కాగితం పరిచి గంట తర్వాత చూడండి. పలచటి చెమ్మ చేతికి తెలియదు, కాగితం మీద తెలుస్తుంది.